చిప్పు వెనకవైపు

మెమరీ కార్డు కొనేవాళ్ళందరూ ముందువైపే చూస్తారు. కంపెనీ పేరు, ఎన్ని జీబీ, గుండ్రటి గీతలో పది అంకె కనిపిస్తే చాలు, ఫోన్లో వేసేసుకుంటారు. దాని పనితనం మాత్రం వెనక్కి తిప్పితేనే కనబడటం మొదలవుతుంది. నున్నటి నల్లని ఒళ్ళు, ఒక అంచున బంగారు పూత వేసిన ఎనిమిది సన్నని పట్టీలు. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 0.7. బరువు పావు గ్రాము. మూత లేదు, అతుకు లేదు, మర లేదు. ప్రతి సెల్ షాపులోనూ కొన్ని వందల రూపాయలకు దొరకడం వల్ల మన కంటికి ఆనదు గానీ, ఇంత కొద్ది చోటులో ఇంత ఆలోచన కూరిన వస్తువు సామాన్యుడి చేతికి మరొకటి రాలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఎనిమిది పట్టీల్నే నిదానంగా చూడండి. అన్నీ ఒకే పొడవు ఉండవు. కరెంటు లోపలికి తెచ్చే పట్టీ, వెనక్కి తీసుకుపోయే పట్టీ మిగతావాటికంటే కాస్త పొడవు. కార్డును లోపలికి తోసేటప్పుడు ముందు కరెంటు అందాలి, సమాచారం మోసే దారులు ఆ తర్వాతే తగలాలి. ఫోను నడుస్తుండగా కార్డు తీసి మళ్ళీ పెట్టినా లోపలి సర్క్యూటు దెబ్బతినకూడదని తీసుకున్న జాగ్రత్త అది. తల వైపు వెడల్పు 9.7 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, ఒక పక్కన మాత్రమే చిన్న గంటు ఉంటుంది. తిరగేసి పెట్టబోతే గాడిలోకి పోదు. ముందువైపు తోక దగ్గర చిన్న గట్టు ఉంటుంది, అక్కడ మాత్రం మందం ఒక మిల్లీమీటరు. అది వేలిగోరు పట్టడానికి. పదివేల సార్లు తీసి పెట్టినా ఆ బంగారు పూత నిలవాలని, సున్నాకు దిగువన 25 డిగ్రీల నుంచి 85 డిగ్రీల దాకా కార్డు పనిచేయాలని ప్రమాణాల్లో రాసుకున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మా రాయలసీమ ఎండకు, ట్రాక్టరు మీద బిగించిన పాటల డబ్బాలో రోజంతా కాగే కార్డుకు, ఆ 85 ఊరికే రాసిన అంకె కాదు.

మా వైపు దీన్ని మైక్రో ఎస్‌డీ అనేవాళ్ళు తక్కువ. చిప్పంటారు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో, వెంకటగిరి రోడ్డు చీలేచోట ఉన్న ఏర్పేడు లాంటి కూడళ్ళలో ఒకప్పుడు సెల్ షాపుల ముఖ్యమైన బేరం చిప్పులో పాటలు ఎక్కించడమే. ఒక జీబీ కార్డులో రెండు వందల పాటలు పట్టేవి. ఘంటసాల భగవద్గీత, అన్నమయ్య కీర్తనలు, చిరంజీవి పాటలు, అయ్యప్ప భజనలు, ఏది కావాలంటే అది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యేదాకా పల్లెల్లో సంగీతం ప్రయాణించింది ఈ పావు గ్రాము వస్తువులోనే. వేరుశెనక్కాయలు వలిచే చోట, గొర్రెలు మేపే చోట, ఇటుక బట్టీల దగ్గర పాట వినబడిందంటే, నెట్‌వర్కు ఉన్నా లేకపోయినా, అది కార్డు పుణ్యమే.

పాతవాళ్ళు ఏర్పేడును వ్యాసాశ్రమంతో గుర్తుపడతారు. ఏ కులమైనా, ఆడైనా మగైనా వేదాంతం చదువుకోవచ్చని పట్టుబట్టిన మలయాళ స్వామి 1926లో స్థాపించిన ఆశ్రమం అది. ఇప్పటి పిల్లలు ఐఐటీతో గుర్తుపడతారు. ఇదే మండలంలో, వికృతమాల దగ్గర, ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయం ఉంది. తిరుపతి చుట్టుపక్కల ఈ పరిశ్రమకు ప్రధానమంత్రి 2015 అక్టోబరు 22న పునాదిరాయి వేశారు. టీసీఎల్ టీవీ తెరలు, డిక్సన్ టీవీలు, కెమెరాలు ఈ ప్రాంతం పేరుతో ముడిపడ్డాయి. కార్డు దూరే గాడి ఉన్న వస్తువుల్ని బిగించే నేల ఇది. కార్డు పుట్టేది మాత్రం వేరేచోట. లోపలి చిప్పు జపాన్‌లోని యొక్కైచిలోనో, కొరియాలోనో, సింగపూర్‌లోనో తయారవుతుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని భివాడీలో సహస్ర సెమీకండక్టర్స్ 2023లో మైక్రో ఎస్‌డీ కార్డుల తయారీ మొదలుపెట్టింది. అక్కడ జరిగేది చిప్పుల్ని పేర్చి, తీగలు కట్టి, పోత పోయడం. ఆ పని ఎలాంటిదో తెలిస్తే అదేదో చిన్న పని అని ఎవరూ అనరు.

సిలికాన్ పళ్ళెం 300 మిల్లీమీటర్ల వ్యాసంతో, మిల్లీమీటరులో ముప్పాతిక మందంతో ఉంటుంది. దాని మీద మెమరీ సర్క్యూట్లన్నీ అచ్చయ్యాక వెనకవైపు నుంచి అరగదీస్తారు. ఎంతగా అంటే, చివరికి మిగిలేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆ మందంలో సిలికాన్ కాగితంలా వంగుతుంది. గాజులా పెటుక్కుమనే పదార్థాన్ని వంగేంత పలచన చేసి, ముక్కలుగా కోసి, ముక్క విరగకుండా ఎత్తి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పెద్ద కార్డుల్లో ఎనిమిదీ పదహారూ చిప్పులు అలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. సరిగ్గా ఒకదాని నెత్తిన ఒకటి పెట్టరు. ఒక్కోదాన్ని కొద్దిగా పక్కకు జరుపుతారు, కోనేటి మెట్లలాగా. ప్రతి మెట్టు అంచునా ఆ చిప్పు తాలూకు బిందువులు పైకి కనబడతాయి. తల వెంట్రుకకంటే సన్నని బంగారు తీగను ఆ బిందువుకు అతికించి, కింది మెట్టుకు, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, చివరికి అడుగున ఉన్న పలుచని సర్క్యూటు పలక దాకా కుడతారు. పక్కన ఇంకో చిన్న చిప్పు, కంట్రోలరు, కూర్చుంటుంది. ఆ తర్వాత అన్నింటి మీదా నల్లని ఎపాక్సీ కాగబెట్టి పోస్తారు. తీగ ఒక్కటి కూడా కదలకూడదు, పక్క తీగకు తగలకూడదు, గాలి బుడగ మిగలకూడదు. చివరికి వంపులు తిరిగిన ఆ అంచును సన్నటి నీటి ధారతోనో లేజరుతోనో కోస్తారు. తిన్నని గీతలు కోసే రంపానికి ఆ గంటు, ఆ భుజం వంపు లొంగవు.

పెద్ద ఎస్‌డీ కార్డులో ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది, దాన్ని విప్పితే లోపల బోర్డు కనబడుతుంది. మైక్రోలో విప్పడానికి ఏమీ లేదు. పెట్టె, పెట్టెలోని వస్తువు ఒకటే. అందుకే నీళ్ళలో పడ్డా, జేబులో ఉతుకుడికి వెళ్ళినా చాలాసార్లు ఆరబెడితే మళ్ళీ పలుకుతుంది. కార్డు చచ్చిపోతే సమాచారం రాబట్టే నిపుణులు వెనకవైపు నల్లపూతను జాగ్రత్తగా గీకుతారు. దాని కింద ఫ్యాక్టరీలో పరీక్షించడానికి వదిలిన రాగి బిందువుల వరస ఉంటుంది. వాటికి వెంట్రుకల్లాంటి తీగలు అతికి, కంట్రోలరును పక్కన పెట్టి, మెమరీతో నేరుగా మాట్లాడతారు. నున్నగా, ఏమీ లేనట్టు కనబడే ఆ వీపు కింద తయారీదారు తన కోసం దాచుకున్న తలుపు అది.

ఇంతవరకూ చెప్పింది కంటికి, భూతద్దానికి అందే పనితనం. నన్ను అంతకన్నా ఎక్కువ కట్టిపడేసేది మెమరీ గది.

సమాచారం ఇందులో ఎలక్ట్రాన్లుగా ఉంటుంది. చుట్టూ కరెంటు పారని పొరతో మూసేసిన అతి చిన్న ద్వీపం, అందులో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు. ఫ్లోటింగ్ గేటు అనే ఈ ఆలోచన 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ చెప్పింది. దాని మీద తోషిబాలో ఫుజియో మసుఓకా కట్టినదే ఫ్లాష్ మెమరీ. మన కార్డుల్లో ఉండే నాండ్ రకాన్ని ఆయన బృందం 1987లో లోకం ముందు పెట్టింది. ద్వీపానికి తలుపు లేదు. పది నానోమీటర్లు కూడా లేని ఆ పొర మీద 20 వోల్టుల దాకా ఒత్తిడి పెడితే ఎలక్ట్రాన్లు గోడలోంచే అవతలికి వెళ్తాయి. క్వాంటం సిద్ధాంతం తప్ప మరేదీ వివరించలేని సంగతి ఇది, మనం సెల్లులో ఫొటో తీసిన ప్రతిసారీ జరుగుతుంది. ఫోను ఇచ్చేది 3 వోల్టుల పైచిలుకే. దాన్ని 20కి ఎత్తే సర్క్యూటు కూడా ఆ చిప్పులోనే ఉంది. ఒత్తిడి తీసేస్తే ఎలక్ట్రాన్లు అక్కడే ఉండిపోతాయి. బ్యాటరీ అక్కర్లేదు.

ఇక లెక్క చూడండి. తొలిరోజుల్లో ఒక్కో గదికి ఒక్కో బిట్టు. ఎలక్ట్రాన్లు ఉన్నాయా, లేవా, అంతే. ఇప్పటి మామూలు కార్డులో గదికి మూడు బిట్లు, అంటే ఎనిమిది మట్టాలు. ఖాళీ, కొంచెం, ఇంకొంచెం అంటూ ఎనిమిది కొలతల్లో ఏది ఉందో తప్పకుండా చదవాలి. 32 జీబీ కార్డులో అలాంటి గదులు ఎనిమిదిన్నర వేల కోట్ల పైన. ఒక మట్టానికీ పై మట్టానికీ మధ్య తేడా కొన్ని రకాల చిప్పుల్లో వంద ఎలక్ట్రాన్లు కూడా ఉండదు. పక్క గదిలో రాస్తే ఈ గది మట్టం కదులుతుంది. పదే పదే చదివితే కదులుతుంది. వేడికి కారిపోతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పలుచని గోడ కొంత పాడవుతుంది. ఒక బిట్టు గది లక్ష సార్లు తట్టుకుంటే, మూడు బిట్ల గది వేయి నుంచి మూడు వేల సార్లతో అలిసిపోతుంది. ఇంకా చెప్పాలంటే, ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన చిప్పులోనే కొన్ని భాగాలు పనికిరానివిగా ఉంటాయి. వాటి జాబితా చిప్పుతోపాటే వస్తుంది.

ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది. పరశురామేశ్వరుడి లింగం చూసినవాళ్ళకు పనితనం గురించి వేరే చెప్పక్కర్లేదు. సుమారు ఐదడుగుల నిలువు రాయి మీద, యక్షుడి భుజాలపై నిలబడిన శివుడు. ఒక చేత కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, మరో చేత చిన్న పాత్ర, భుజాన గండ్రగొడ్డలి, ఒంటికి అంటుకున్న పలుచని పంచె మడతలు. క్రీస్తు పూర్వపు పని అని ఎక్కువమంది పండితుల మాట. అలాంటి శిల్పి రాయిని ఎంచుకుంటాడు. పగులున్న రాతి మీద ఉలి పెట్టడు. మెమరీ కార్డు చేసేవాడి పరిస్థితి దానికి పూర్తిగా వ్యతిరేకం. అతని చేతికి వచ్చేదే పగుళ్ళున్న సరుకు. దాన్ని పారేయడానికి వీల్లేదు, ఎందుకంటే మచ్చలేని సరుకు ఆ ధరకు దొరకదు. పగులు ఎక్కడుందో తెలిసీ, రేపు ఎక్కడ కొత్తగా వస్తుందో తెలియకుండా, దాని మీద నమ్మకమైన వస్తువు కట్టాలి. ఎక్కువ జీబీలు పట్టించడం దీని గొప్ప అని అందరూ అంటారు. నా మటుకు నాకు, లోపాన్ని ముందే లెక్కలో వేసుకుని కట్టడమే దీని అసలైన గొప్ప.

ఆ బాధ్యతంతా కంట్రోలరుది. ఫోను వచ్చి ఈ ఫొటోను ఫలానా చోట రాయమంటుంది. కంట్రోలరు సరేనంటుంది గానీ అక్కడ రాయదు. ఏ భాగం తక్కువ అరిగిందో చూసి అక్కడ రాసి, ఫలానా చోటు అంటే ఇదీ అని తన పట్టికలో గుర్తుపెట్టుకుంటుంది. రాయడం కిలోబైట్ల పుటల్లో జరిగితే చెరపడం మెగాబైట్ల గుంపుల్లోనే సాధ్యం. ఒక్క అక్షరం మార్చాలన్నా కొత్త పుట రాసి పాతదాన్ని చెల్లనిదిగా గుర్తించాలి. చెల్లని పుటలు పేరుకున్నాక మంచివాటిని వేరేచోటికి తరలించి ఆ గుంపును ఖాళీ చేయాలి. రాసే ప్రతి పుటతోపాటు కొన్ని అదనపు బిట్లు లెక్కగట్టి జతచేస్తుంది. చదివినప్పుడు పదుల సంఖ్యలో బిట్లు తప్పుగా వచ్చినా, ఆ అదనపు బిట్ల సాయంతో ఏవి తప్పో కనిపెట్టి సరిచేసి ఇస్తుంది. మీరు వినే పాటలో ఒక్క అపశ్రుతి లేకపోవడానికి కారణం గదులు బాగుండటం కాదు, అవి చెప్పే అబద్ధాల్ని ఎప్పటికప్పుడు దిద్దే గణితం.

2013 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన ఒక సభలో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ ఈ సంగతిని బహిరంగంగా విప్పి చూపించారు. కొన్ని కార్డుల కంట్రోలరులోకి తమ సొంత ప్రోగ్రాము ఎక్కించి నడిపారు. అంటే మనం జేబులో వేసుకునేది ఉత్త గిడ్డంగి కాదు, చిన్నదే అయినా పూర్తి కంప్యూటరు. ప్రతి చిప్పునూ క్షుణ్ణంగా పరీక్షించి చెడ్డవాటిని ఏరేయడం కన్నా, చౌకైన కంప్యూటరును పక్కన పెట్టి తప్పుల్ని సర్దుకోమనడమే తక్కువ ఖర్చని వాళ్ళు వివరించారు. నకిలీ కార్డుల గుట్టు కూడా ఇక్కడే ఉంది. 8 జీబీ సరుకు పెట్టి, 128 ఉందని చెప్పమని కంట్రోలరుకు నేర్పుతారు. ఫోను నమ్ముతుంది. 8 దాటాక రాసినవి ఎక్కడికీ పోవు, లేదా పాతవాటిని తుడిచేస్తాయి. కొత్త కార్డు కొన్న రోజే దాన్ని నిండా రాసి, తిరిగి చదివి సరిపోల్చే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఇంత మంచి పనితనానికి జరిగే అవమానం అది, కాబట్టి ఆ గంటసేపు కేటాయించడం న్యాయం.

ఈ రూపం ఒక్కసారిగా రాలేదు. 1988లో ఎలీ హరారీ, జాక్ యువాన్‌తో కలిసి కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా పెట్టిన సంస్థ తర్వాత శాన్‌డిస్క్ అయింది. వాళ్ళ 1994 నాటి కాంపాక్ట్‌ఫ్లాష్ అగ్గిపెట్టెంత. 1999లో పానసోనిక్, తోషిబాలతో కలిసి ఎస్‌డీ తెచ్చారు. 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో వచ్చిన అతిచిన్న కార్డే మరుసటి ఏడు మైక్రో ఎస్‌డీ అయింది. ఎస్‌డీ ముద్రలోని డి అక్షరం గుండ్రటి డిస్కులా ఎందుకుందంటే, డీవీడీ పోటీలో నిలవలేకపోయిన తోషిబా డిస్కు కోసం గీసిన బొమ్మ అది. మొదటి కార్డుల్లో పట్టింది 32, 64, 128 మెగాబైట్లు. 2019లో అదే కొలతలో ఒక టెరాబైటు ప్రకటించారు. 128 మెగాబైట్లతో పోలిస్తే సుమారు ఎనిమిది వేల రెట్లు. గదుల్ని నేల మీద పరచడం మాని అంతస్తులుగా లేపడం 2013లో శాంసంగ్ 24 పొరలతో మొదలుపెట్టింది, ఇప్పుడవి రెండు వందలు దాటాయి. ఇంత మారినా బయటి కొలత వెంట్రుకవాసి మారలేదు. 2005 నాటి కార్డు నేటి రీడరులో చదువుకోవచ్చు. చేసేవాళ్ళందరూ ఒక మాట మీద నిలబడటం కూడా పనితనంలో భాగమే.

వికృతమాల లాంటి చోట్ల బిగించే వస్తువుల్లో కార్డుకు అన్నిటికన్నా కఠిన పరీక్ష సీసీ కెమెరా. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా రోజుకు 21 జీబీ పైన రాస్తుంది. 64 జీబీ కార్డు మూడు రోజులకు నిండి మొదటికొస్తుంది. ఏడాదికి నూటిరవై సార్లు కార్డంతా తిరగరాసినట్టు, అదీ గోడ మీద ఎండలో. పాటలకు కొన్న కార్డును కెమెరాలో పెట్టకండి. నిరంతరం రాయడానికి ప్రత్యేకంగా చేసిన కార్డులు ఉన్నాయి, కొద్దిగా ఎక్కువ ధరే గానీ ఆ పనికి అవే తగినవి.

చివరిగా ఒక విన్నపం. గుడిమల్లం గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలు ఇవాళ్టికీ చదవగలం. కార్డులోని ఎలక్ట్రాన్లకు అంత ఆయుష్షు లేదు. కొత్త కార్డుకు పదేళ్ళని సాధారణంగా చెబుతారు, వాడి అరిగినదానికి అంతకన్నా తక్కువ, వేడిలో పడేసినదానికి ఇంకా తక్కువ. మా జిల్లాల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరికి దుర్యోధన వధ. 2008 తర్వాత ఎందరో ఆ హరికథల్నీ, పద్యాల్నీ, చెక్కభజనల్నీ, ఇంట్లో అవ్వాతాతల గొంతుల్నీ సెల్లులో పట్టి చిప్పులోనే వదిలేశారు. ఆ పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. బీరువా అరలో పాత సెల్లు ఉంటే బయటికి తీయండి. చిప్పును అడాప్టరులో పెట్టి, అందులో ఉన్నదంతా కంప్యూటరులో ఒక కాపీ, వేరే డిస్కులో ఇంకో కాపీ చేసుకోండి. ఆ పని ఈ ఆదివారమే చేయండి.